పీఐబీ (కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం) తెలుగు ప్రకటనలు: కరెంట్ అఫైర్స్ చదివేవారికి ఎంతవరకు పనికొస్తాయి?

2024 ఫిబ్రవరిలో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లే దారిలో ఒక దుకాణంలో, గడచిన ఏడాది కరెంట్ అఫైర్స్ అంతా ఒకేచోట ఇచ్చామని అట్ట మీద వేసుకున్న సంకలనం ఒకటి కొన్నాను. ప్రచురణకర్త పేరు ఇక్కడ చెప్పడం లేదు. అలాంటి తప్పు ఆ ఒక్క పుస్తకానికే పరిమితం కాదు కాబట్టి పేరుతో పని కూడా లేదు. అందులో, భారత్ కూడా సభ్యదేశంగా ఉన్న బ్రిక్స్ కూటమి గురించిన పేజీలో, 2024 జనవరి 1 నుంచి చేరిన కొత్త సభ్యదేశాలు అర్జెంటీనా, ఈజిప్టు, ఇథియోపియా, ఇరాన్, సౌదీ అరేబియా, యూఏఈ అని ఉంది. నేను దానిని అక్షరం పొల్లుపోకుండా కంఠతా పట్టాను. రెండు వారాల తరువాత రాసిన మోడల్ పరీక్షలో, ఆహ్వానం అందినా బ్రిక్స్‌లో చేరడానికి నిరాకరించిన దేశం ఏది అన్న ప్రశ్న వచ్చింది. అర్జెంటీనా సభ్యదేశమే అన్న నమ్మకంతో దానిని పక్కనపెట్టి, మిగిలిన మూడింటిలో ఒకదానిని గుర్తించి వచ్చాను. 2023 ఆగస్టులో జొహానెస్‌బర్గ్ సదస్సు ఆ ఆరు దేశాలను ఆహ్వానించిన మాట నిజమే. కానీ డిసెంబరులో అర్జెంటీనా అధ్యక్షుడు మారారు, కొత్తగా వచ్చిన హావియెర్ మిలే ప్రభుత్వం ఆ నెలాఖరులోనే ఆహ్వానాన్ని తిరస్కరించింది. సంకలనం చేసినవారు 2023 సెప్టెంబరు నెల పేజీని తెచ్చి వార్షిక సంచికలో యథాతథంగా పెట్టేశారు.

అదే పుస్తకంలో మరోచోట, చట్టసభల్లో మహిళలకు మూడో వంతు స్థానాలు కేటాయించింది 128వ రాజ్యాంగ సవరణ అని ఉంది. 128 అనేది బిల్లు సంఖ్య. 2023 సెప్టెంబరు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించి, 28న రాష్ట్రపతి సంతకం చేసిన తరువాత అది 106వ రాజ్యాంగ సవరణ చట్టం అయింది. ఈ తేడా ఎందుకు వస్తుందో ఒకసారి తెలుసుకుంటే మళ్లీ మరచిపోవడం ఉండదు. జీఎస్టీ బిల్లు 122వది, చట్టం 101వ సవరణ; ఆర్థికంగా బలహీన వర్గాల రిజర్వేషన్ బిల్లు 124వది, చట్టం 103వ సవరణ. అక్కడిదాకా తేడా 21. ఈశాన్య రాష్ట్రాల స్వయంప్రతిపత్తి మండళ్లకు సంబంధించి 2019లో వచ్చిన 125వ బిల్లు చట్టం కాకుండా ఆగిపోవడంతో, ఆ తరువాతి బిల్లు నుంచి తేడా 22కు పెరిగింది: 126వ బిల్లు 104వ సవరణగా, 127వది 105వ సవరణగా, 128వది 106వ సవరణగా మారాయి. పుస్తకం ఇచ్చింది ఒకే ఒక అంకె, అదీ తప్పు అంకె.

ఈ రెండు తప్పులనూ పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు నాకు తట్టిన విషయం ఒక్కటే. బిట్ల పుస్తకాలు నామవాచకాలను, అంకెలను ఉంచి క్రియాపదాన్ని తీసేస్తాయి. ఆహ్వానించారా, చేర్చుకున్నారా, ప్రవేశపెట్టారా, ఆమోదించారా, నోటిఫై చేశారా, అమలులోకి తెచ్చారా అన్న మాట పోయి, దేశం పేరూ తేదీ మాత్రమే మిగులుతాయి. ప్రశ్నపత్రం తయారుచేసేవారు మాత్రం పట్టుకునేది సరిగ్గా ఆ క్రియాపదాన్నే. అప్పటినుంచి ఒక వార్త మొదట ఏ మాటలతో వెలువడిందో ఆ మాటలతోనే చదవాలని నిర్ణయించుకుని, కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం, అంటే అందరూ పీఐబీ అని పిలిచే ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో తెలుగులో ఇచ్చే ప్రకటనలను రోజూ చదవడం మొదలుపెట్టాను. మధ్యలో 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో తెలంగాణ గ్రూప్-2 రాశాను. ఇప్పుడు తరువాతి నోటిఫికేషన్ కోసం చదువుతున్నాను. ఇంతకాలం వాడినదాని మీద నా అభిప్రాయం, దాని మంచీ దాని కొరతా, కొత్తగా మొదలుపెట్టేవారికి ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను.

పీఐబీ కొత్తది కాదు, 1919 నుంచి ఉన్న వ్యవస్థ. దాని పని విలేకరులకు ప్రభుత్వ సమాచారం అందించడం. అభ్యర్థులకు పాఠాలు చెప్పడం దాని బాధ్యత కాదు కనుక అందులో బిట్లు ఉండవు, మ్యాపులు ఉండవు, నెల చివర మోడల్ పేపరు ఉండదు. వెబ్‌సైట్‌లో భాషను తెలుగుకు మార్చుకుంటే హైదరాబాద్, విజయవాడ కార్యాలయాల నుంచి వెలువడే అనువాదాలు కనిపిస్తాయి. మంత్రిత్వశాఖను, తేదీని ఎంచుకుని పాత ప్రకటనలకు కూడా వెళ్లవచ్చు. ప్రతి ప్రకటన పైభాగాన అది వెలువడిన తేదీ, సమయం ఉంటాయి. అడుగున ఒక గుర్తింపు సంఖ్య, అదే ప్రకటనను ఇంగ్లీషులోనూ ఇతర భాషల్లోనూ చదివే లంకెలు ఉంటాయి. దీనంతటికీ రుసుము లేదు, లాగిన్ కూడా అడగదు. చూడడానికి సాదాగా ఉన్న ఈ అమరికలో ఒక అభ్యర్థికి అన్నిటికంటే విలువైనది పైనున్న ఆ తేదీ.

ఒక ప్రకటనను దగ్గరగా చూపిస్తే సంగతి తేలికగా అర్థమవుతుంది. 2024 అక్టోబరు 3న కేంద్ర మంత్రివర్గం మరాఠీ, పాళీ, ప్రాకృతం, అస్సామీ, బెంగాలీ భాషలకు ప్రాచీన భాష హోదా ఇచ్చింది. మాసపత్రికల్లో ఇది ఒక్క వాక్యం: ఐదు భాషలకు హోదా, మొత్తం పదకొండు. ఆ రోజు వెలువడిన ప్రకటనలో మాత్రం ఆ నిర్ణయం వెనుక ఇరవై ఏళ్ల చరిత్ర ఉంది. ప్రాచీన భాషలనే వర్గాన్ని కేంద్రం ఏర్పాటుచేసింది 2004 అక్టోబరు 12న. మొదటగా తమిళానికి ఆ హోదా వచ్చింది. అప్పటి నిబంధన ప్రకారం వెయ్యేళ్ల పైబడిన ప్రాచీనత ఉంటే సరిపోయేది. 2005 నవంబరులో దానిని 1,500 నుంచి 2,000 ఏళ్లకు పెంచారు, అదే నెల 25న సంస్కృతానికి హోదా ఇచ్చారు. తెలుగు, కన్నడ భాషలకు 2008 అక్టోబరు 31న, మలయాళానికి 2013 ఆగస్టు 8న, ఒడియాకు 2014 మార్చి 1న వచ్చింది. మరాఠీ కోసం మహారాష్ట్ర ప్రతిపాదన పంపింది 2013లో. భాషా నిపుణుల సంఘం 2024 జులై 25న సమావేశమై ప్రమాణాలను సవరించింది, ఆ సవరించిన ప్రమాణాల ప్రకారమే ఈ ఐదు భాషలకూ అర్హత లభించింది. తెలుగువారిగా మనకు 2008 తెలుసు, కానీ అదే రోజు కన్నడకు కూడా వచ్చిందని, మన తరువాత మలయాళానికి రావడానికి దాదాపు ఐదేళ్లు పట్టిందని నాకు ఈ ప్రకటన చదివేదాకా తెలియదు. కాలక్రమంలో అమర్చమనే ప్రశ్న అడగాలన్నా, ప్రమాణాల మీద వ్యాఖ్యలిచ్చి ఏవి సరైనవని అడగాలన్నా, సామగ్రి మొత్తం ఆ ఒకటి రెండు పేజీల్లోనే ఉంది.

క్రియాపదం సంగతికి వస్తే, కార్మిక కోడ్‌లకు మించిన ఉదాహరణ లేదు. వేతనాల కోడ్ 2019లో చట్టమైంది. పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తిపరమైన భద్రతకు సంబంధించిన మిగిలిన మూడూ 2020లో చట్టాలయ్యాయి. 29 పాత చట్టాల స్థానంలో ఈ నాలుగూ అమలులోకి వచ్చింది మాత్రం 2025 నవంబరు 21న. ఐదారేళ్లపాటు ఇవి చట్టపుస్తకంలో ఉండి అమలులో లేవు. అంతకుముందు నేను చదివిన నోట్సులో "నాలుగు కార్మిక కోడ్‌లు - 2020" అని మాత్రమే ఉంది, నవంబరు 21 నాటి ప్రకటన చదివాకే ఆ వాక్యం ఎంత అసంపూర్ణమో తెలిసింది. వ్యక్తిగత డిజిటల్ డేటా పరిరక్షణ చట్టానిదీ ఇదే వరస: 2023 ఆగస్టులో చట్టమైనా, నియమావళిని ప్రకటించింది 2025 నవంబరులో. భారతీయ న్యాయ సంహితకు 2023 డిసెంబరు 25న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, 2024 జులై 1 నుంచి అమలైంది. ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరికే తేదీలే. కానీ పుస్తకం ఏదో ఒక తేదీ ఇస్తుంది, అది ఏ దశ తేదీయో చెప్పదు.

పథకాల విషయంలో ఈ తికమక మరీ ఎక్కువ. ఇంటి పైకప్పుల మీద సౌర ఫలకాలకు సాయమిచ్చే పీఎం సూర్యఘర్ పథకాన్ని ప్రధాని 2024 ఫిబ్రవరి 13న ప్రారంభించారు. 75,021 కోట్ల రూపాయల వ్యయంతో కోటి ఇళ్లకు వర్తించేలా మంత్రివర్గం ఆమోదించింది ఫిబ్రవరి 29న. ముందు ప్రారంభం, తరువాత ఆమోదం. క్రమం తిరగబడినట్టుంది కాబట్టి పొరపాటేమో అనుకుని కొన్ని నోట్సుల్లో రెండు తేదీలనూ కలిపి ఒకటి చేశారు. రెండు ప్రకటనలనూ వరుసగా చదివినవారికి ఆ సందేహమే రాదు.

మా గదిలో నాతోపాటు ఒంగోలు నుంచి వచ్చిన ఒక అక్క ఉంటుంది, ఏపీపీఎస్సీ గ్రూప్-2కు చదువుతోంది. మొదట్లో నా ఫోను తీసుకుని ఒక ప్రకటన పైనుంచి కిందిదాకా చూసి, "ఇందులో బిట్లు ఎక్కడున్నాయే? ఇదంతా వ్యాసంలాగా ఉంది" అంది. "బిట్లు మనమే తీసుకోవాలక్కా" అన్నాను. ఆమె సందేహం న్యాయమైనదే. ఏపీ గ్రూప్-2 ప్రిలిమ్స్‌లో 150 మార్కులకు 30 మార్కులు కరెంట్ అఫైర్స్‌వి, తప్పు జవాబుకు మూడో వంతు మార్కు పోతుంది. ఆ ముప్పై మార్కుల కోసం రోజుకు రెండు గంటలు ప్రకటనలు చదవడం ఎవరికీ సాధ్యం కాదు, అవసరం కూడా లేదు. నేను రోజుకు నలభై నిమిషాలే కేటాయిస్తాను. మంత్రివర్గ నిర్ణయాలు ఏవి వచ్చినా పూర్తిగా చదువుతాను. హోం, ఆర్థిక, పర్యావరణ, శాస్త్ర సాంకేతిక శాఖలతోపాటు అంతరిక్ష విభాగం శీర్షికలు చూసి అవసరమైనవి తెరుస్తాను. ప్రముఖులను ఎవరు కలిశారు, ఏ సభలో ఎవరు ఏమన్నారు అనే ప్రకటనలు వదిలేస్తాను. సంఖ్యలో అవే ఎక్కువ, పరీక్షకు పనికొచ్చేది వాటిలో తక్కువ. పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో, సభ్యుల ప్రశ్నలకు మంత్రులిచ్చిన జవాబులు ప్రకటనలుగా వస్తాయి. ఏ పథకంలో ఏ రాష్ట్రం ఎంత ఖర్చుచేసిందో పట్టికలతో సహా ఉండేది వాటిలోనే. డిసెంబరులో ఒక్కొక్క శాఖ విడుదల చేసే సంవత్సరాంత సమీక్షలు, ఏడాది మధ్యలో చదవడం మొదలుపెట్టినవారికి వెనుకబడినదంతా పూరించుకునే మంచి మార్గం.

చదివింది చదివినట్టు వదిలేస్తే ఫలితం ఉండదు. నేను ఒక పొడుగు నోటుబుక్కులో ప్రతి అంశానికీ ఒక వరుస కేటాయించి, అడ్డంగా ప్రతిపాదన, ఆమోదం, నోటిఫికేషన్, అమలు అని నాలుగు గడులు గీసుకున్నాను. జనగణన వరుస చూడండి. జనగణనలో కులాల వివరాలు కూడా సేకరించాలని మంత్రివర్గ రాజకీయ వ్యవహారాల సంఘం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. నోటిఫికేషన్ జూన్ 16న వెలువడింది. ప్రామాణిక తేదీ 2027 మార్చి 1, మంచు కురిసే ప్రాంతాలకు మాత్రం 2026 అక్టోబరు 1. ఈ వరుస పక్కనే 106వ సవరణ వరుసకు ఒక బాణం గుర్తు వేసుకున్నాను, ఎందుకంటే ఆ చట్టం వచ్చాక జరిగే మొదటి జనగణన లెక్కల ఆధారంగా నియోజకవర్గాల పునర్విభజన జరిగిన తరువాతే మహిళల రిజర్వేషన్ వర్తిస్తుందని అందులో రాసి ఉంది. రెండు వేర్వేరు నెలల బిట్లుగా చదివితే ఈ లంకె కనిపించదు.

ఇక ఈ సేవలోని కొరతలు చెప్పాలి, అవి చిన్నవి కావు.

మొదటిది భాష. ఇంగ్లీషులో వెలువడే ప్రకటనలన్నీ తెలుగులోకి రావు. వచ్చినవాటిలో కొన్ని మూలం వాక్యాన్ని ఎంత గట్టిగా పట్టుకుని నడుస్తాయంటే, కర్త ఒక పంక్తిలో ఉంటే క్రియ ఐదో పంక్తిలో ఉంటుంది. ఏ క్రియాపదం కోసం ఈ ప్రకటనలు చదవమంటున్నానో ఆ క్రియాపదమే అలాంటి వాక్యాల్లో దాక్కుంటుంది. సందేహం వచ్చిన ప్రతిసారీ అడుగున ఉన్న లంకె తెరిచి ఇంగ్లీషు ప్రకటనతో సరిచూసుకోవడం నాకు అలవాటైంది. తెలుగు మాధ్యమంలో చదివిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఇది భారమని తెలుసు, అయినా మొదటి నెల కష్టపడితే ఆ ఇంగ్లీషు కూడా చేతికొస్తుంది, ఎందుకంటే వాడే మాటలు మళ్లీమళ్లీ అవే. ఇంకొక జాగ్రత్త: పథకాల పేర్లను అనువదించుకుని గుర్తుపెట్టుకోకండి. సూర్యఘర్ పథకానికి పూర్తి పేరు "పీఎం సూర్యఘర్: ముఫ్త్ బిజిలీ యోజన". దానిని ఉచిత సౌర విద్యుత్తు పథకమని తెలుగులో గుర్తుపెట్టుకుంటే పరీక్షలో పేరు చూసి పోల్చుకోలేరు.

రెండోది, ఇది ప్రభుత్వ స్వరం. ఒక బిల్లు ఎందుకు తెచ్చారో ఇందులో ఉంటుంది. దాని మీద సభలో వచ్చిన అభ్యంతరాలు, కోర్టుల్లో నడిచే వ్యాజ్యాలు ఉండవు. ప్రిలిమ్స్‌కు ఇది పెద్ద లోపం కాకపోవచ్చు, గ్రూప్-1 మెయిన్స్ వ్యాసానికి మాత్రం ఇది ఒక్కటే చదివితే జవాబు ఒంటికాలి మీద నిలబడుతుంది. పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ విభాగాన్నే తీసుకోండి. ప్రభుత్వ ఉద్యోగాల పేరిట తిరిగే దొంగ నోటిఫికేషన్లను బయటపెట్టడంలో అది మనలాంటివారికి నిజంగా మేలుచేస్తోంది. అదే విభాగానికి ఐటీ నిబంధనల కింద చట్టబద్ధమైన అధికారం కల్పిస్తూ 2024 మార్చి 20న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌ను సుప్రీంకోర్టు మర్నాడే నిలిపివేసింది, ఆ నిబంధనల సవరణ రాజ్యాంగబద్ధం కాదని సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు తేల్చింది. భావప్రకటన స్వేచ్ఛ మీద ప్రశ్న వస్తే రాయవలసినది ఈ రెండో సగమే.

మూడోది పరిధి. తెలంగాణ సిలబస్‌లో మొదటి అంశమే ప్రాంతీయ, జాతీయ, అంతర్జాతీయ వర్తమాన వ్యవహారాలు; రెండోది అంతర్జాతీయ సంబంధాలు, సంఘటనలు. పీఐబీ ఇందులో జాతీయాన్ని మాత్రమే గట్టిగా పట్టుకుంటుంది. రాష్ట్రాల సంగతి వేరే వెతుక్కోవాలి. షెడ్యూల్డ్ కులాల వర్గీకరణ మన రెండు రాష్ట్రాలకూ ఎంత ముఖ్యమైన అంశమో చెప్పనక్కరలేదు. 2004లో ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని కొట్టివేసిన చిన్నయ్య కేసు తీర్పును, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురి ఆధిక్యంతో పక్కనపెట్టింది. ఆ తరువాత తెలంగాణ 59 కులాలను మూడు గ్రూపులుగా చేసి 1, 9, 5 శాతం చొప్పున పంచి, 2025 ఏప్రిల్ 14 నుంచి అమలులోకి తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ అదే నెలలో ఆర్డినెన్సు ద్వారా 1, 6.5, 7.5 శాతంగా పంచింది. రెండు రాష్ట్రాల అంకెలను అటూఇటూ మార్చి అడగడానికి ఇంతకంటే అనువైన అంశం ఉండదు. ఇది సుప్రీంకోర్టు తీర్పు, శాసనసభ చట్టం, రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు, ఈ మూడింటిలో ఉన్న విషయం. వాటిని నేను దినపత్రికల నుంచీ రాష్ట్ర ప్రభుత్వ వెబ్‌సైట్ల నుంచీ తీసుకున్నాను. రాష్ట్ర బడ్జెట్‌తోపాటు విడుదలయ్యే సామాజిక ఆర్థిక సర్వేకు ప్రత్యామ్నాయం అసలే లేదు.

రెపో రేటుకు, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద రిజర్వు బ్యాంకు వసూలుచేసే వడ్డీ రేటుకు, ఆ బ్యాంకు దగ్గరికే వెళ్లాలి. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లు 6.5 శాతం దగ్గర కదలకుండా ఉన్న రేటు 2025 ఫిబ్రవరిలో 6.25కు, ఏప్రిల్‌లో 6కు, జూన్‌లో 5.5కు, డిసెంబరులో 5.25కు దిగింది. ఆ ఏడాది మార్చిలో అచ్చయిన పుస్తకం డిసెంబరు పరీక్షకు ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఈ నాలుగు అంకెలు చాలు. అంతరిక్ష రంగంలోనూ ఇస్రో సొంత ప్రకటనలు కలిపి చదవడం తప్పనిసరి. 2025 జనవరి 29న శ్రీహరికోట నుంచి నూరవ ప్రయోగంగా జీఎస్ఎల్‌వీ-ఎఫ్15 నింగికెగిరి ఎన్‌వీఎస్-02 ఉపగ్రహాన్ని కక్ష్యలో వదిలిన వార్త అందరికీ తెలుసు. ఉపగ్రహంలోని కవాటాలు తెరుచుకోక, దానిని నిర్దేశిత కక్ష్యకు చేర్చడం సాధ్యపడలేదని ఆ తరువాత ఇస్రో తన వెబ్‌సైట్‌లో తెలిపింది. రాకెట్ ప్రయోగం విజయవంతమైందా, ఉపగ్రహం లక్ష్యకక్ష్యకు చేరిందా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు, వాటికి రెండు వేర్వేరు జవాబులు.

ప్రపంచ వార్తల విషయంలో పీఐబీ మీద ఆధారపడితే భారతదేశం పాల్గొన్న సదస్సులు మాత్రమే దొరుకుతాయి. బ్రిక్స్ సమావేశానికి ప్రధాని వెళ్తే సంయుక్త ప్రకటన వస్తుంది. 2025 జనవరిలో ఇండోనేషియా సభ్యదేశంగా చేరిన సంగతి, అర్జెంటీనా వెనక్కి వెళ్లిన సంగతి మాత్రం మనమే వెంటాడి తెలుసుకోవాలి. ఇందుకోసం నేను దినపత్రికలోని అంతర్జాతీయ పేజీని, ఆకాశవాణి తెలుగు వార్తలను నమ్ముకున్నాను. ఆకాశవాణిలో వ్యాఖ్యానం ఉండదు, అరుపులు ఉండవు, వార్త ఎంత ఉందో అంతే చదువుతారు. బియ్యం కడుగుతూ వినవచ్చు. ప్రచురణల విభాగం తెలుగులో తెచ్చే యోజన మాసపత్రిక గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. ఆ పత్రిక ఒక్కో నెల ఒక్కో అంశం మీద వ్యాసాలు ఇస్తుంది కనుక మెయిన్స్‌కు, ఇంటర్వ్యూకు మంచిదే. రోజువారీ కరెంట్ అఫైర్స్ కోసం కొంటే నిరాశపడతారు.

కాబట్టి నా లెక్క ఇది. పరీక్షకు ఆరు నెలలకు మించి సమయం ఉన్నవారికి పీఐబీ తెలుగు ప్రకటనలను గట్టిగా సిఫారసు చేస్తాను. నెలా రెండు నెలల్లో పరీక్ష ఉన్నవారు ఇప్పుడు దీనిలోకి దిగితే మునిగిపోతారు. వారు ఏదో ఒక మాసపత్రికనే పట్టుకుని, అందులోని చట్టాలు, పథకాలు, అంతర్జాతీయ కూటములు, ఈ మూడు విభాగాల తేదీలను మాత్రం మూల ప్రకటనలతో సరిచూసుకుంటే చాలు. పదిహేను ఇరవై అంశాలకు మించవు, ఒక ఆదివారం పని. మాసపత్రికలు నడిపేవారికి కూడా ఒక మనవి: ప్రతి అంశం పక్కన "ఫలానా తేదీ నాటికి" అని ఒక్క మాట వేయండి. రామ్‌సర్ అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందిన మన దేశపు చిత్తడి నేలల సంఖ్య 2024 ఆగస్టులో 85, 2025 ఫిబ్రవరిలో 89, జూన్‌లో 91. తేదీ లేకుండా అంకె అచ్చువేస్తే మూడూ సరైనవే, మూడూ తప్పే. వందల రూపాయలు పెట్టి పుస్తకం కొనేది ఊళ్లో పొలం పనిచేసి డబ్బు పంపే తల్లిదండ్రుల పిల్లలు, వారికి ఆ మాత్రం సాయం చేయడం పెద్ద ఖర్చు కాదు.

ఒంగోలు అక్క ఇప్పుడు తనూ ఒక నోటుబుక్కు పెట్టింది. నా నాలుగు గడులకు తోడు ఐదోది, "ఆంధ్రప్రదేశ్‌కు ఏమిటి" అని ఒకటి కలిపింది. మా ఇద్దరి పుస్తకాల్లోనూ జమిలి ఎన్నికల 129వ సవరణ బిల్లు వరుసలో మొదటి గడి ఒక్కటే నిండి ఉంది: 2024 డిసెంబరు 17న లోక్‌సభలో ప్రవేశపెట్టారు, సంయుక్త పార్లమెంటరీ సంఘానికి పంపారు. మిగిలిన గడుల్లో ఏమీ రాయలేదు. సవరణ సంఖ్య రాసే చోట పెన్సిలుతో ఒక చుక్క పెట్టి ఉంచాం.